పేరు దొరికిన వెదురు

బిందూ,

ఎలా ఉన్నావమ్మా అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు చెప్పలేవు కదా... నేనే చెబుతాను. నువ్వు వెళ్ళి ఏడాదిన్నర అయింది. రవి షాపుకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. మేఘన ఆరో తరగతి పరీక్షలు రాసింది. నీ చీరల బీరువా పై అర ఇప్పుడు దానికి అందుతోంది. నాకు అరవై తొమ్మిది నిండాయి. మోకాళ్ళు ఎప్పటిలాగే.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పదమూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి ఉత్తరాలేంటి? పోనీ ఆ పదమూడేళ్ళూ మాట్లాడుకున్నామా అంటే... పాలవాడు, కూరలో ఉప్పు, మేఘన జడలు. అంతకు మించి నేను నిన్ను అడిగింది లేదు. నువ్వు చెప్పబోతే కూర్చుని విన్నదీ లేదు.

నీ వెదురు పేరు తెలిసింది. అది చెప్పడానికే రాస్తున్నాను.

నువ్వు దాన్ని తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. రేపల్లెలో మీ అమ్మగారింటి నుంచి మధ్యాహ్నం రైలుకి దిగావు. ఒక చేత్తో మేఘనని పట్టుకున్నావు, అప్పటికి దానికి నాలుగేళ్ళు. ఇంకో చేతిలో తడి గోనెసంచి. అందులో రెండు మూరల బొంగు ముక్క, దాని మొదట్లో వేర్లతో మట్టిముద్ద. కనీసం చీర మార్చుకోకుండా పలుగు తీసుకుని నా గది కిటికీ అవతల గొయ్యి తవ్వడం మొదలుపెట్టావు.

నేను వచ్చి ఏంటది అన్నాను. వెదురు పిలక అన్నావు. అంతే... నా నోటికి ఏం పట్టిందో.

“నా కిటికీ పక్కన వెదురు నాటుతావేంటి? నా పాడెకి ఇప్పట్నించే సిద్ధం చేస్తున్నావా?” అన్నాను. పక్కింటివాళ్ళకి వినపడేంత గట్టిగా.

నువ్వు పలుగు ఆపి ఏదో చెప్పబోయావు. మళ్ళీ ఏమనుకున్నావో, నవ్వేశావు. “ఇది మామూలు వెదురు కాదత్తయ్యా. పేరేంటో నాకే తెలీదు. తెలిశాక చెప్తాను, అప్పుడు తిట్టండి” అన్నావు.

నువ్వు చెప్పబోయి మింగేసిన మాట ఏంటో ఆ రోజు నేను ఆలోచించలేదు. నువ్వు బోటనీ చదివావు, స్కూల్లో సైన్సు చెబుతావు, నీకున్న పిచ్చి నీది అనుకున్నాను. ఆరేళ్ళలో అది మేడ ఎత్తు పెరిగింది.

తర్వాత ఆ ఆశ్వయుజం వచ్చింది.

ఆదివారం ఒళ్ళు నొప్పులన్నావు. బుధవారం గుంటూరు తీసుకెళ్ళారు. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని రవి ఫోన్ చేస్తే, బొప్పాయి ఆకులు దంచి, రసం తీసి, ఫ్లాస్కులో పోసుకుని బస్సెక్కాను. ఐసీయూ తలుపు దగ్గర నర్సమ్మ, “ఇప్పుడు నోటితో ఏమీ ఇవ్వకూడదమ్మా” అంది. ఆ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని ఆ రోజంతా బయట కుర్చీలో కూర్చున్నాను. ఎవరైనా వచ్చి, ఇప్పుడు ఇవ్వండి అంటారేమోనని...

శుక్రవారం పొద్దున్నకి అయిపోయింది.

నీ పెద్దకర్మ కూడా కాకముందే మున్సిపాలిటీ వాళ్ళు వీధిలో దోమల మందు కొట్టడానికి వచ్చారు. వాళ్ళలో ఒకావిడ దొడ్లోకి వచ్చి వెదురు పొదలో టార్చి వేసి చూసింది. కోసేసిన నాలుగు గెడల మొదళ్ళలో వాన నీళ్ళు. అందులో దోమ పిల్లలు తోకలాడిస్తూ తిరుగుతున్నాయి. “గ్లాసుల్లో పోసి పెట్టినట్టున్నాయమ్మా నీళ్ళు, చూడండి” అంది.

ఆ నాలుగు గెడలు కోయించింది ఎవరో నీకు తెలుసు. ఆనపపాదుకి పందిరి కావాలని శ్రావణంలో నేనే కోయించాను. నువ్వు స్కూలు నుంచి వచ్చి చూసి, “మొదళ్ళలో మట్టి వెయ్యాలత్తయ్యా, నీళ్ళు నిలుస్తాయి” అన్నావు. చూద్దాంలే అన్నాను. నువ్వే ఆదివారం వేస్తానన్నావు. ఆ ఆదివారం మేఘనకి ఏదో పని పడింది. ఆ పైన ఇద్దరం మర్చిపోయాం.

నిన్ను కుట్టిన దోమ అక్కడే పుట్టిందా? వీధి చివర పాత టైర్ల కొట్టులో పుట్టిందా? మీ స్కూల్లోనా? ఎవరు చెప్పగలరు బిందూ... అక్కడే అని ఎవరైనా తేల్చి చెప్పినా ఏదో ఒకటి చేసుకునేదాన్ని. కాదని చెప్పినా బతికేదాన్ని. చెప్పేవాళ్ళే లేరు.

గెడలు కోసిన రోజు రవి ఇంట్లోనే ఉన్నాడు. వాడికి అన్నీ తెలుసు. ఇన్నాళ్ళలో ఆ మాట ఒక్కసారి నన్ను అనలేదు. అని ఉంటే బాగుండేది. వాడి కోపమంతా వెదురు మీదికి మళ్ళింది. నిరుడు వేసవిలో అన్నం దగ్గర కూర్చుని, “మనిషిని మాట్లాడానమ్మా. వేళ్ళతో సహా తవ్వేస్తానన్నాడు” అన్నాడు.

“ఆగరా” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. నాటిన రోజు అంత మాట అన్నదాన్ని నేనే కదా...

“ఎందుకాగాలి?”

“దాని పేరేంటో కనుక్కుని చెప్తానంది బిందు. అది తేలకుండా కొట్టేస్తే ఎట్లారా?”

వాడు నా వైపు వింతగా చూశాడు. “పేరు తెలిస్తే ఏమవుతుందమ్మా?”

“వానలు వెళ్ళేదాకా ఆగు” అన్నాను. వాడు అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. అదే ఒప్పుకోవడం అనుకున్నాను.

పేరు కనుక్కోవడం ఎలాగో నాకేం తెలుసు? మేఘన ఫోన్ తెచ్చింది. మొక్క ఫొటో తీస్తే పేరు చెబుతుందట. ఆకు తీస్తే ఒక పేరు చెప్పింది. గెడ తీస్తే ఇంకో పేరు. దూరంగా నిలబడి మొత్తం పొద తీస్తే రెల్లుగడ్డి అంది. “దీనికేం తెలీదు నానమ్మా” అని అది ఫోన్ పక్కన పడేసింది. చాలా నెలల తర్వాత ఆ పిల్ల తనంత తానుగా నాతో అన్న మాట అది. అందుకే మర్నాడు కూడా తీయమన్నాను. ఆ మర్నాడు కూడా.

ఒక ముక్క కోసి సంచిలో వేసుకుని బుట్టలు అల్లే వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. రోజూ వెదురుతోనే బతికేవాళ్ళు కదా, వాళ్ళకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఒక పెద్దావిడ ముక్క అందుకుని, కణుపు మీద బొటనవేలు రాసి, చివర వైపు తిప్పి చూసింది.

“కణుపు చూస్తే మా వెదురే తల్లీ. కానీ మాది లోపల గట్టిగా ఉంటది, కర్రలాగా. ఇది బోలు. మాది కాదు” అని తిరిగి ఇచ్చేసింది.

ఆ సాయంత్రం ఆ సంగతి చెబుతుంటే మేఘన ఉన్నట్టుండి, “అమ్మ నన్ను ఒకసారి బాపట్ల తీసుకెళ్ళింది నానమ్మా. ఒక మేడం దగ్గరికి. ఇట్లాగే కొమ్మ పట్టుకెళ్ళింది” అంది.

నువ్వు బాపట్ల వెళ్ళిన సంగతే నాకు తెలీదు. ఏ రోజు వెళ్ళావు? ఆ రోజు నాకేం చెప్పి వెళ్ళావు?

ఆషాఢంలో నేనూ మేఘనా రైలెక్కాం. నిడుబ్రోలు దాటాక కిటికీ అవతల నాట్లు వేస్తున్నారు. అది నీలాగే తల బయటికి పెట్టి చూస్తూ కూర్చుంది. నువ్వు డిగ్రీ చదివిన కాలేజీ కనుక్కుంటూ వెళ్ళాం. నీకు పాఠం చెప్పిన మేడం ఇంకా అక్కడే ఉంది, తల నెరిసింది. ఆవిడ ముందు మేఘనని గుర్తుపట్టింది.

“నువ్వు హిమబిందు కూతురివి కదూ! అప్పుడు నా టేబుల్ మీద ఇంకు ఒలకబోశావు. అమ్మేదీ?” అంది నవ్వుతూ.

నేను నోరు తెరిచేలోపు మేఘనే చెప్పేసింది. “అమ్మ చనిపోయిందండి. డెంగీ వచ్చి.” ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది. ఆ మాట అది పైకి అనగా వినడం నాకు అదే మొదలు. పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకోవాలని కూడా తోచలేదు.

మేడం లేచి బీరువాలోంచి ఒక పెద్ద అట్ట తెచ్చింది. దాని మీద ఎండబెట్టిన వెదురు కొమ్మ దారంతో కుట్టి ఉంది. కింద మూల చిన్న కాగితం. నీ చేతిరాత. ఇంగ్లీషులో ఉందని మేఘన చదివి చెప్పింది. దొరికిన చోటు దగ్గర, తెనాలి, ఇంటి దొడ్డి, మా అత్తయ్య కిటికీ పక్కన అని రాశావు. మొక్క పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

“ఇలాంటివి రాయకూడదమ్మా, ఊరి పేరు చాలు అన్నాను” అంది మేడం. “ఎక్కడ పెరిగిందో సరిగ్గా రాయమన్నది మీరే కదా మేడం అంది బిందు.”

నా గురించి ఒక కాలేజీ బీరువాలో రాసి పెట్టావు. నేను నీ గురించి ఎక్కడ ఏం రాశాను?

ఆవిడ మేము తెచ్చిన ముక్కని భూతద్దం పెట్టి చూసింది. “ఆకులు చూస్తే ఒకటి అనిపిస్తుందండి. బొంగు చూస్తే అది కాదనిపిస్తుంది. బిందుకీ ఇదే చెప్పాను. వెదురుని కచ్చితంగా పోల్చాలంటే పువ్వు చూడాలి.”

“ఎప్పుడు పూస్తుందమ్మా?”

“చెప్పలేమండి. కొన్ని ముప్పై ఏళ్ళకి, కొన్ని నలభై ఏళ్ళకి. ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు.”

“నాకిప్పుడు అరవై ఎనిమిది” అన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలీక ఆవిడ మేఘన వైపు చూసింది.

పువ్వు లేకపోతే ఇంకో దారి చెప్పింది. వానాకాలంలో భూమిలోంచి కొత్త పిలకలు వస్తాయట. పిలక చుట్టూ తొడుగులాంటి డొప్ప ఉంటుందట. అది ఊడి పడగానే తెచ్చి ఇస్తే చాలావరకు చెప్పొచ్చట. కింద రాలిన పాత తొడుగులు ఏమైనా ఉన్నాయా అని కూడా అడిగింది. ఉండేవే. దోమల భయంతో రవి అంతా ఊడ్పించి ఎప్పుడో తగలబెట్టించాడు.

సరే, పిలక వస్తుంది కదా అనుకుని ఇంటికొచ్చాం.

శ్రావణమంతా వానలే. పొద్దున్న లేవగానే గొడుగు వేసుకుని పొద మొదట్లో వంగి చూసేదాన్ని. మేఘన స్కూలు నుంచి రాగానే సంచి గుమ్మంలో పడేసి అదీ చూసేది. నువ్వున్నప్పుడు ఏటా ఏడెనిమిది వచ్చేవి. నువ్వు లెక్కపెట్టి నాకు చెబుతుండేదానివి, నేను ఊ కొట్టి నా పని చూసుకునేదాన్ని. ఆ ఏడు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. భాద్రపదం వెళ్ళింది. నీ ఏడాది తద్దినం వెళ్ళింది. మట్టి అలాగే ఉంది.

మేడానికి ఫోన్ చేశాను. “ఒక్క పిలక కూడా రాలేదా?” అని రెండుసార్లు అడిగింది. “చూద్దామండి” అని పెట్టేసింది. ఆవిడకి అప్పుడే అనుమానం వచ్చిందని తర్వాత తెలిసింది.

వానలు వెళ్ళిపోయాయి. రవికిచ్చిన గడువు అయిపోయింది. వాడు అడగలేదు, నేను ఎత్తలేదు.

మార్గశిరంలో ఒక రోజు పొద్దున్నే మేఘన దొడ్లోంచి కేక పెట్టింది. “నానమ్మా! వెదురుకి ఏదో వచ్చింది!”

ఆకులు రాలిన కొమ్మల నిండా గుండ్రటి ముద్దలు. ముట్టుకుంటే గరుకు. ఒక్కొక్క ముద్ద లోంచి సన్నటి పసుప్పచ్చ పుప్పొడి తిత్తులు వేలాడుతున్నాయి, గాలి తగిలితే వణుకుతున్నాయి. పువ్వంటే ఇదా? ఇంత మామూలుగా ఉంటుందా? అయినా నాకు కలిగిన సంతోషం ఏం చెప్పను! నీ ఫొటో దగ్గరికి వెళ్ళి చెప్పాను. పూసిందమ్మాయ్, ఇంక పేరు తెలిసిపోతుంది అన్నాను. రవికి షాపుకి ఫోన్ చేశాను. వాడు “ఊఁ” అన్నాడు. ఆ ఊఁలో కూడా ఏదో కొంచెం మెత్తదనం వినపడింది.

ఒక రెమ్మ తడిగుడ్డలో చుట్టి ఆ రోజే బాపట్ల పట్టుకెళ్ళాను. మేడం గుడ్డ విప్పి చూసింది. ఆవిడ ముఖం చూసి నా సంతోషం సగం చచ్చిపోయింది.

“పొద మొత్తం పూసిందా అమ్మా? ఒక్క కొమ్మేనా?”

“మొత్తం.”

“ఇలా చెప్పాల్సి వస్తున్నందుకు ఏమీ అనుకోకండి...” అని ఆగి చెప్పింది. ఇలాంటి వెదురు బతుకులో ఒక్కసారే పూస్తుందట. పూసి, గింజ కట్టి, ఎండిపోతుందట. మొదలుతో సహా. పూయబోయే ముందు కొత్త పిలకలు కూడా రావట.

“ఎరువు వేస్తే?”

“ఆగదమ్మా.”

“నీళ్ళు బాగా పెడితే?”

“లేదండి.”

“పోనీ పూలన్నీ కోసేస్తే?”

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “ఏం చేసినా ఆగదమ్మా.”

వినలేదు బిందూ. ఇంటికొచ్చి మర్నాడు మామిడికాయలు కోసే దోటి తీసుకుని పూల కొమ్మలు లాగడం మొదలుపెట్టాను. మెడలు పట్టేశాయి. కళ్ళలో నుసి పడింది. ఎంతని లాగను? మేడ ఎత్తున పూశాయి అవి. నాకు అందినవన్నీ లాగి కుప్ప పోశాను. నాలుగు రోజులకి లాగిన చోటే మళ్ళీ వచ్చాయి. ఆ కుప్ప దగ్గర కూర్చుంటే నాకు ఐసీయూ బయట కుర్చీ గుర్తొచ్చింది. అప్పుడూ ఇంతే కదా... ఒళ్ళో ఏదో పెట్టుకుని కూర్చోవడం తప్ప నాకేం చేతనైంది?

పదిహేను రోజులకి మేడం ఫోన్ చేసింది. ఇంకొకరెవరికో కూడా చూపించి రూఢి చేసుకుందట. “తెలిసిందమ్మా” అంది. పేరు చెప్పింది. నాకు నోరు తిరగలేదు. మేఘనకి ఫోన్ ఇస్తే నోటుపుస్తకంలో రాసుకుంది. డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. ఇదిగో, దాని పుస్తకం పక్కన పెట్టుకుని చూసి రాస్తున్నాను.

“తెలుగులో ఏమంటారమ్మా?” అని అడిగాను.

“సాధన వెదురు అంటారండి. మన కొండల్లో ఎక్కువగా ఉండేది ఇదే. బుట్టలు, నిచ్చెనలు, పోలీసుల లాఠీలు... అన్నిటికీ ఇదే.”

“అంటే... మామూలుదేనా?”

“మామూలుదేనండి.”

“మా కోడలు మామూలుది కాదందే!” ఎందుకో గొంతు లేచింది నాకు.

“బిందు తప్పు కాదమ్మా. నేనూ పోల్చలేకపోయాను కదా. కొండల్లో ఎండ నేలల్లో ఇది లోపల నిండుగా, గట్టిగా పెరుగుతుంది. మీ దగ్గర నీళ్ళ నేల, నల్లమట్టి. అందుకని బోలుగా పెరిగింది. అది పెరిగే నేలని బట్టి మారుతుందండి.”

బుట్టలావిడ సగం సరిగ్గానే చెప్పింది. నువ్వూ సగం సరిగ్గానే చెప్పావు. కానీ నాకెందుకో ఏడుపు ఆగలేదు. ఏదో పెద్ద పేరు వస్తుందని, ఎక్కడా లేని మొక్క అని తేలుతుందని, అప్పుడు నీ ఫొటో ముందు నిలబడి నువ్వే గెలిచావమ్మా అని చెప్పాలని అనుకున్నాను కాబోలు. ఇప్పుడు ఏమని చెప్పను?

ఫోన్ పెట్టేసే ముందు మేడం ఇంకో మాట అంది. పిలక ఏ పొద నుంచి తెచ్చామో ఆ పొద వయసే దీనికీ ఉంటుందట. అది పూసే కాలానికే ఇదీ పూస్తుందట, ఎక్కడ నాటినా సరే. “మొదటి పొద ఎక్కడుందో తెలిస్తే చూసి చెప్పండమ్మా” అంది.

మాఘంలో ఒక్కదాన్నే రేపల్లె రైలెక్కాను. నీ పెద్దకర్మ తర్వాత మీ అమ్మ ముఖం నేను చూడలేదు. ఆవిడ ఫోన్ చేస్తే మేఘనకి ఇచ్చేసేదాన్ని. ఏమని మాట్లాడను? ఏ ముఖం పెట్టుకుని?

మీ అమ్మ గుమ్మంలోనే ఉంది. “రండి వదినగారూ” అంది. మంచినీళ్ళిచ్చింది. ఎదురెదురుగా కూర్చున్నాం.

“మీ వెనక దొడ్లో వెదురు ఎలా ఉందండి?” అన్నాను చివరికి. ఏడాది పైగా చూడని మనిషిని, బిడ్డని పోగొట్టుకున్న మనిషిని, మొదట అడిగే మాటా అది?

ఆవిడ లేచి వెనక్కి తీసుకెళ్ళింది. కాలవ వైపు పొద ఉండాల్సిన చోట నల్లటి మొదళ్ళున్నాయి. “కార్తీకంలోనే పూసిందండి. ఎండిపోతుంటే గాలికి ఇంటి మీద పడుతుందని కొట్టించేశాం” అంది. మీ తాతగారు లస్కరు ఉద్యోగంలో కాలవ గట్లు చూసుకుంటూ ఊళ్ళు తిరిగేటప్పుడు ఎక్కడి నుంచో తెచ్చి నాటారట. ఏ ఊరో ఎవరికీ తెలీదట.

అక్కడే, ఆ మొదళ్ళ దగ్గరే చెప్పేశాను. “వదినగారూ, బిందు అది నాటిన రోజు నేనొక మాట అన్నానండి...”

“తెలుసండి” అంది మీ అమ్మ.

“ఏమన్నానో తెలుసా?”

“పాడె మాటే కదండి. ఆ రోజు సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది.”

నేను పక్కనున్న గోడ పట్టుకున్నాను.

“పీకి పడెయ్యవే, ఇంట్లో గొడవెందుకు అని నేనే అన్నానండి” అంది మీ అమ్మ. “వద్దమ్మా అంది. మా అత్తయ్య గదిలోకి పడమటెండ మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా కొడుతుంది, కొంగు తడిపి మొహం మీద వేసుకుని పడుకుంటారు, ఏసీ పెట్టిద్దామంటే ఒప్పుకోరు, ఇదైతే తొందరగా పెరుగుతుంది అంది. నీడ వచ్చాక ఆవిడే ఊరుకుంటార్లే అమ్మా అంది.”

ఊరుకున్నాను బిందూ. నువ్వన్నట్టే జరిగింది. నీడ వచ్చింది, నేను ఊరుకున్నాను. ఎప్పుడు వచ్చిందో కూడా గమనించలేదు. కొంగు తడుపుకోవడం ఏ వేసవిలో మానేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నువ్వు గమనించావా? గమనించి నీలో నువ్వు నవ్వుకున్నావా? ఒక్కసారైనా, చూశారా అత్తయ్యా అని ఎందుకు అనలేదు?

మీ అమ్మ అన్నం తినకుండా వెళ్ళనివ్వలేదు. పెట్టినదంతా తిన్నాను. రైలు దగ్గరికి వచ్చి, “మేఘనని సెలవులకి పంపండి వదినగారూ” అంది. అంత మాటన్నవాళ్ళని నేనైతే ఇంట్లోకి రానిచ్చేదాన్నా? తెలీదు.

ఇంటికొచ్చి రవికి అంతా చెప్పాను. నా మాటతో సహా. వాడు విని దొడ్లోకి వెళ్ళి, ఎండిపోతున్న పొద కింద చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి, “నాకు కూడా చెప్పలేదమ్మా” అన్నాడు. అంతే అన్నాడు. చిన్నప్పుడు బడిలో ఎవరో కొడితే వచ్చి నిలబడినట్టు నిలబడ్డాడు నా ముందు. నేను వాడికేం చెప్పను చెప్పు?

ఇప్పుడు చైత్రం. పొదలో ఒక్క పచ్చ ఆకు లేదు. వడ్లగింజల్లాంటి గింజలు కట్టి రాలుతున్నాయి. కొన్ని మేడానికి పంపాం. కొన్ని మేఘన పెరుగు డబ్బాల్లో చల్లింది. వరినారులాగా సన్నగా లేచాయి. సగం అప్పుడే వాడిపోయాయి, మిగిలినవి ఉంటాయో లేదో.

మధ్యాహ్నం రెండున్నర అయ్యేసరికి ఎండ నా మంచం మీదికి వస్తోంది. రవి మంచం హాల్లో వేస్తానన్నాడు. వద్దన్నాను. కిటికీకి గుడ్డ కడతానన్నాడు. అదీ వద్దన్నాను. ఇది దేనికి చేస్తున్నానని అడిగితే నేను చెప్పలేను.

మొన్న గాలికి రెండు గెడలు విరిగి పక్కింటి రేకుల మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఇంక ఉంచడానికి లేదు. రేపు ఆదివారం మనుషులు వస్తారు, కొట్టేస్తారు. నిరుడు వేసవిలో కొట్టించేస్తానన్నది రవే కదా... నిన్న నా దగ్గరికి వచ్చి, “ఆదివారం నేనుండలేనమ్మా. మేఘనని రేపల్లె దింపడానికి వెళ్తాను” అన్నాడు. వెళ్ళిరా నాన్నా అన్నాను.

నీకు ఒక సంగతి చెప్పాలి. నిన్ను గుంటూరు నుంచి తెచ్చిన రోజు, నిన్ను వాకిట్లోంచి ఎత్తే వేళకి నేను అక్కడ లేను. నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పెద్దావిడ, తట్టుకోలేకపోయిందిలే అనుకున్నారందరూ. అది కాదు. నాకు చూసే ధైర్యం లేక దాక్కున్నాను. వీధి చివరిదాకా నీ వెనక నాలుగడుగులు నడవాల్సినదాన్ని, చెవులు మూసుకుని మంచం మీద కూర్చున్నాను.

రేపు మాత్రం లోపలికి వెళ్ళను. మాటిస్తున్నాను బిందూ. చివరి గెడ నేల మీద పడేదాకా దొడ్లోనే నిలబడి ఉంటాను.

అత్తయ్య